తూడు తీసిన కూలి ఎవరివ్వాలి: డెల్టా ఊరి నుంచి ఒక కేస్ స్టడీ

ఊరి పేరు, మండలం, మనుషుల వివరాలు మార్చాను. బృందం డబ్బు లెక్కలు కూడా అటూ ఇటూ జరిపాను, నిష్పత్తులు చెడకుండా. చట్టాలు, పథకాలు, వాటి తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఊళ్లల్లో ఏదో ఒక సమస్యకి తమంతట తామే దారి వెతుక్కున్న చిన్న బృందాలుంటాయి. వాళ్లకి రిజిస్ట్రేషన్లు, దరఖాస్తులు, లెక్కల పుస్తకాలు, డబ్బు వచ్చే దారులు చూపించడం నా పని. సభల్లో దీన్ని సోషల్ ఇన్నోవేషన్ సపోర్ట్ అంటారు. కోనసీమలో నన్ను ‘ఫైళ్ల సారు’ అంటారు. రెండో పేరే నిజానికి దగ్గర. ఈ కేసులో దాదాపు ఏడాదిన్నర నేను తప్పు ప్రశ్న పట్టుకుని తిరిగాను. రాయడానికి అదే కారణం.

నేపథ్యం

పంట కాలువకీ మురుగు కాలువకీ మధ్య ఇరుక్కున్న ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి డెల్టా బతుకంతా ఈ రెండు కాలువల మీదే. ఒకటి నీళ్లు తెస్తుంది, ఒకటి తీసుకుపోతుంది. తెచ్చే కాలువ గురించి అందరూ మాట్లాడతారు. తీసుకుపోయేది పూడిపోతే మాత్రం శివారు రైతుకే తెలుస్తుంది. 2011 సార్వాలో (వానాకాలం పంట) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు మురుగు కాలువలు బాగుచేయకపోవడాన్ని కూడా కారణంగా చెప్పారు.

మురుగు కాలువని మూసేది గుర్రపు డెక్క. మావైపు దాన్నీ, మిగతా పిచ్చి నాచునీ కలిపి తూడు అంటారు. పరిస్థితులు కుదిరితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దాని గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పొక్లెయిన్ వచ్చి తూడు లాగి గట్టు మీద పోస్తుంది, బిల్లు అవుతుంది, తొలకరి వానకి గట్టు మీది ముక్కలు మళ్లీ కాలువలోకి జారతాయి. వినాయక చవితి నాటికి కాలువ పచ్చటి తివాచీలా ఉంటుంది.

ఆ ఊళ్లో రెండు డ్వాక్రా గ్రూపుల నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్లు 2019లో గుర్రపు డెక్క కాడలతో బుట్టలు అల్లడం నేర్చుకున్నారు. ఎవరో వచ్చి రెండు వారాలు నేర్పి వెళ్లారు. ఒకరికీ సెంటు భూమి లేదు. నాట్లకీ కోతలకీ కూలికి వెళతారు, మధ్య ఖాళీల్లో ఈ పని. కాడ కోసి, కడిగి, వారం దాకా ఎండబెట్టి, అణిచి, అల్లాలి. బుట్టలు బాగుండేవి. మొదటిసారి చూసినప్పుడు నేనూ రెండు కొన్నాను.

మా దగ్గరికి తెచ్చిన సమస్య

2021 అక్టోబరులో గ్రూపు లీడరు, ఇంకో ఇద్దరు ఒక ప్లాస్టిక్ సంచీతో వచ్చారు. సంచీలో తొమ్మిది దరఖాస్తుల జిరాక్సులు, రెండు జవాబులు.

“మా పని మంచిదేనంటారండి అందరూ. డబ్బులు మాత్రం ఎవరూ ఇవ్వట్లేదండి. మేం ఎక్కడ తప్పు రాశామో చెప్పండి సార్.”

తొమ్మిదీ చదివాను. ఒకదాంట్లో వాళ్లు హస్తకళాకారులు. ఒకదాంట్లో పర్యావరణ సంస్థ. ఇంకోదాంట్లో స్టార్టప్, నాలుగోదాంట్లో మహిళా సాధికారత ప్రాజెక్టు. మనుషులు పద్నాలుగు మందే, వేషాలు తొమ్మిది. రాసింది వాళ్లు కాదు, ఒక్కో దరఖాస్తు ఒక్కో చదువుకున్న కుర్రాడి చేత రాయించారు. ఏ పథకానికి ఏం కావాలో ఆ కుర్రాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. అసలు బెడద కూడా అదే.

నేను ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకున్న వాక్యం ఇప్పటికీ ఉంది: “వీళ్లకి సరైన చట్టరూపం ఏది?” ఫైలు రెండు రోజులు చదివాను. కాలువ గట్టు మీద అరగంట నిలబడ్డాను. ఆ పాళ్లు తిరగబడి ఉంటే చాలా కాలం కలిసొచ్చేది.

తలుపులు ఎలా ఉన్నాయో ముందు చెప్పాలి

మన దేశంలో సామాజిక సంస్థ అనేదానికి ప్రత్యేకమైన చట్టం లేదు. లాభాపేక్ష లేకపోతే సొసైటీ, ట్రస్టు, లేదా 2013 కంపెనీల చట్టం కింద సెక్షన్ 8 కంపెనీ. లాభం పంచుకోవాలంటే ప్రైవేట్ లిమిటెడ్, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), సహకార సంఘం. ‘సోషల్ ఎంటర్‌ప్రైజ్’ అనే మాటకి నియమాల్లో నిర్వచనం దొరికింది 2022లో, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, సామాజిక సంస్థలు నిధులు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్చేంజీకి నిబంధనలు తెచ్చినప్పుడు. అదీ ఆ ఎక్స్చేంజీ వరకే.

మద్దతు లేదనలేం, చాలానే ఉంది. 2016 జనవరిలో స్టార్టప్ ఇండియా, అదే ఏడాది అటల్ ఇన్నోవేషన్ మిషన్ వచ్చాయి. పల్లెటూరి ఆవిష్కర్తల కోసం 2000 నుంచీ నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది. 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి, అంటే సామాజిక బాధ్యత పనులకి, ఖర్చు పెట్టాలని కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతుంది. సంప్రదాయ వృత్తుల సమూహాలకి స్ఫూర్తి అనే కేంద్ర పథకం ఉంది. తెలంగాణ 2017లోనే రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ పెట్టుకుంది. మన దగ్గర 2025లో మంగళగిరి కేంద్రంగా రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది, దాని శాఖ రాజమండ్రిలోనూ ఉంది. అదే ఏడాది ఉగాదికి, కలిగినవాళ్లు పేద కుటుంబాలకి చేయూతనిచ్చే పీ4 కార్యక్రమం వచ్చింది.

ఒక్కో తలుపుకి ఒక్కో కొలత. లోపలికి వెళ్లాలంటే ఆ కొలతకి మనం సరిపోవాలి. తలుపు మనకోసం ఒక అంగుళం కూడా జరగదు.

మొదటి ప్రయత్నం: స్టార్టప్

ఇది నా సలహా కాదు, దగ్గర్లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కొత్త వ్యాపారాలకి చేయూతనిచ్చే ఇంక్యుబేటర్ వాళ్లది. నేను వద్దనలేదు కాబట్టి బాధ్యత నాకూ ఉంది. 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ మొత్తం 945 కోట్లు. నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు ఇచ్చేవారు. కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదు, వస్తువులోనో వ్యాపార విధానంలోనో టెక్నాలజీ ఉండాలి. స్టార్టప్ గుర్తింపు అప్పట్లో ప్రైవేట్ లిమిటెడ్, ఎల్‌ఎల్‌పీ, రిజిస్టరైన భాగస్వామ్య సంస్థలకే.

కంపెనీ పెట్టే ముందే ఇంక్యుబేటర్ ముందు ఒకసారి మాట్లాడించి చూద్దామన్నాను. ఈ కేసులో మొదట్లో నేను తీసుకున్న ఒకే ఒక్క మంచి నిర్ణయం అది. ప్రైవేట్ లిమిటెడ్ పెడితే ఏటా ఆడిట్, రిటర్నులు తప్పవు. ఆదాయం లేకపోయినా కట్టాల్సినవి కట్టాలి. పైగా కంపెనీగా మారాక సీఎస్‌ఆర్ తలుపు మూసుకుపోతుంది. కంపెనీల డబ్బు తీసుకుని పనిచేసే సంస్థ సెక్షన్ 8 కంపెనీయో, సొసైటీయో, ట్రస్టో అయి ఉండాలి, 12ఏ, 80జీ అనే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు ఉండాలి, మూడేళ్ల పని అనుభవం చూపించాలి.

ప్యానెల్ ఇరవై నిమిషాలు విన్నది. టెక్నాలజీ ఏదని అడిగారు. మూడేళ్లలో ఎన్ని జిల్లాలకి వెళతారని అడిగారు. లీడరు నా వైపు చూసి, “మా కాలువే ఇంకా అవ్వలేదండి,” అంది. ఒకరిద్దరు నవ్వారు. ఆ మాటలోనే ఈ కేసుకి జవాబు మొత్తం ఉందని నాకు అప్పుడు తట్టలేదు. నేనూ నవ్వాను.

నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ గురించి కూడా ఆలోచించాం. అక్కడ చదువుకోని మెకానిక్కి, రైతుకి నిజంగా గౌరవం ఉంటుంది. కానీ ఫలానా మనిషి కనిపెట్టిన ఫలానా సాధనం అని చెప్పుకోవడానికి ఉండాలి. ఇక్కడ కనిపెట్టిన మనిషీ లేరు, సాధనమూ లేదు. విరమించుకున్నాం.

రెండో ప్రయత్నం: సీఎస్‌ఆర్

బృందానికి సొంతంగా అర్హత లేదు కనుక జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థ గొడుగు కిందికి వెళ్లాం. ఆ సంస్థ అప్పుడు ఇబ్బందుల్లో ఉంది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం సవరించాక, ఒక సంస్థ తెచ్చుకున్న విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి పంచకూడదు. పెద్ద సంస్థల మీద ఆధారపడి బతికిన చిన్నవాటికి ఒక్కసారిగా ఊట ఎండిపోయింది. అందుకే వాళ్లు మా ప్రాజెక్టుని ఆత్రంగా తీసుకున్నారు. ఆ ఆత్రం చూసి నేను జాగ్రత్త పడాల్సింది.

కంపెనీ ఒప్పుకున్నది: ఒక షెడ్డు, కాడలు అణిచే రోలరు, సోలార్ డ్రయ్యర్. ఒప్పుకోనిది: కాడలు కోసి తెచ్చే రోజులకి కూలి. “జీతాలు అడ్మిన్ ఖర్చు కిందికి వస్తాయి, 5 శాతం దాటకూడదు,” అన్నారు అక్కడి అధికారి.

ఈ మాట ఎన్ని చోట్ల విన్నానో లెక్కలేదు, కాబట్టి కొంచెం ఆగుతాను. నిబంధనల్లో ఉన్న 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకి. ప్రాజెక్టు అమలుకి నేరుగా అయ్యే ఖర్చు దాని కిందికి రాదని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021 ఆగస్టులో ప్రశ్నలు-జవాబుల సర్క్యులర్లో స్పష్టంగా చెప్పింది. ఆ కాగితం పట్టుకెళ్లాను. అధికారి చదివారు, ఒప్పుకున్నారు కూడా. ఒప్పుకుని, “మీరన్నది నిజమేనండి, కానీ మా ఆడిటర్లకి షెడ్డు కనబడుతుంది, కూలి కనబడదు,” అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. రూలు అనుమతించినంత మాత్రాన డబ్బు రాదని ఆయన నేర్పారు.

ఇక్కడ వెనక్కి వచ్చేయాలా అని ఆలోచించాను. వద్దనుకున్నాను. షెడ్డు వస్తే వానాకాలం సమస్య తీరుతుంది, మిగతాది తర్వాత చూసుకోవచ్చు అన్నది నా తర్కం. ఎండబెట్టడమే అడ్డంకి అన్న ఊహ మీద నిలబడ్డ తర్కం అది. ఆ ఊహని నేను ఎక్కడా పరీక్షించలేదు.

డబ్బు 2022 మార్చి ఆఖరి వారంలో వచ్చింది, కంపెనీ లెక్కల సంవత్సరం ముగిసేలోపు. ఏప్రిల్, మే బంగారంలాంటి ఎండలు. అవి టెండర్లకి, కొటేషన్లకి పోయాయి. షెడ్డు జూన్ చివర్లో నిలబడింది, డ్రయ్యర్ జూలై మొదట్లో వచ్చింది. రిబ్బను, కొబ్బరికాయ, ఫోటోలు. జూలై మధ్యలో గోదావరికి వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఊరు లంక కాదు, గోదావరి నీళ్లు నేరుగా రాలేదు. మురుగు కాలువ వెనక్కి తన్నింది. తూడు నిండిన కాలువ దిగలేదు. షెడ్డులో మోకాలి లోతు నీళ్లు, ఎండబెట్టిన కాడల మోపులన్నీ బూజు పట్టాయి.

ఆ నీళ్లలో నిలబడి ఒక రైతు ఆ ఆడవాళ్లతో అన్నాడు: “బుట్టలు తర్వాత అల్లుకుందురు గానమ్మా, ముందు ఈ తూడు లాగండి. కూలి మేవిస్తాం.”

వాళ్లు లాగారు. మూడు రోజులు. రైతులు ఇచ్చారు. నేను దాన్ని వరద సాయంలో భాగంగా చూసి వదిలేశాను. ఇదీ రెండోసారి.

మధ్యలో విని వదిలేసినవి

స్ఫూర్తి పథకం బాగానే ఉంటుంది గానీ మామూలు క్లస్టర్ అన్నా వందల మంది కళాకారుల్ని చూపించాలి, మేం పద్నాలుగు. 2023లో ఒక వర్క్‌షాపులో సోషల్ స్టాక్ ఎక్స్చేంజీ గురించి చెప్పారు. అక్కడ నమోదు కావాలంటే సంస్థకి మూడేళ్ల వయసు, ఏడాదికి కనీసం 50 లక్షల ఖర్చు, 10 లక్షల నిధుల రాబడి ఉండాలి. మా బృందం ఏడాది అమ్మకం మొత్తం ఆరు లక్షల్లోపు. పిల్ల కాలువ మీద ఓడరేవు కట్టమన్నట్టుంది.

బుట్టల్ని ఎగుమతి చేసే ఒక వ్యాపారి కూడా వచ్చాడు. ముక్కకి ఇంత అని ఇస్తాడు, డిజైన్ ఆయనది, ధర ఆయనది. ముక్కకి ఇంతని కూలికి నరసాపురం లేసు అల్లే ఇళ్లు చూసినవాళ్లకి ఈ ఏర్పాటు ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. కాకపోతే ఆ నిర్ణయం నేను తీసుకోకూడదు. వాళ్లే కూర్చుని రెండు సాయంత్రాలు మాట్లాడుకుని వద్దన్నారు.

లెక్క రాయడం

2023 ఫిబ్రవరిలో లీడరు, ఇద్దరు సభ్యులు మానేస్తామన్నారు. “రొయ్యల షెడ్డుకి పోతే రోజు కూలి చేతికొస్తదండి.” అప్పుడు, చాలా ఆలస్యంగా, నేను ఎవరైనా మొదటి వారమే చేయాల్సిన పని చేశాను. ఒక నెలపాటు ఎవరు ఏ పనికి ఎన్ని గంటలు పెట్టారో రాయించాను. చదవడం రానివాళ్లకి గీతలు పెట్టమన్నాను.

పది గంటల్లో ఆరు గంటలు నీళ్లలోనూ గట్టు మీదా పోతున్నాయి. కోయడం, లాగడం, కడగడం, మోయడం. అల్లికకి నాలుగే. ఇంకా చూస్తే, లాగిన తూడులో బుట్టకి పనికొచ్చే పొడవు కాడలు కొంచెమే, మిగతాది గట్టు మీద కుప్ప. మొక్కలో నూటికి తొంభై పైచిలుకు నీరే కావడంతో ఎండాక మిగిలేది ఇంకా తక్కువ. ఈ శ్రమంతటినీ బుట్ట ధరే మోస్తోంది. రోజుకి పడేది పొలం కూలిలో మూడో వంతు.

లెక్క చదివి వినిపిస్తే ఒక పెద్దావిడ అంది: “అయితే మేం కాలువ ఊరికే బాగుచేస్తున్నామన్నమాట. ఊరికే!”

ఆయ్, అదేనండి. వీళ్లు రెండు పనులు చేస్తున్నారు. ఒకటి ఊరందరికీ లాభం, దానికి ధర లేదు. రెండోది ఎవరో నగరంలో కొనుక్కునే వస్తువు, దానికి ధర ఉంది. మేమందరం ధర ఉన్నదాన్నే చూశాం. ఫోటోకి బుట్ట బాగుంటుంది. తూడు లేని కాలువని ఫోటో తీస్తే నీళ్లు తప్ప ఏమీ కనబడదు.

అప్పుడు ప్రశ్న మారింది. ‘వీళ్ల చట్టరూపం ఏది, వీళ్లకి ఎవరు సాయం చేస్తారు’ అన్నది పక్కన పెట్టి, ‘తూడు వల్ల ఇప్పటికే డబ్బు పోగొట్టుకుంటున్నది ఎవరు’ అని అడిగాం. శివారు రైతు, కౌలుదారు, పంచాయతీ, ఏటా తూడుకి బిల్లు పెట్టే నీటిపారుదల శాఖ. వీళ్లలో ఎవరూ ‘ఇన్నోవేషన్’ జాబితాలో లేరు.

పని చేసినది

ముందు ఒక సార్వా పరీక్షించాలనుకున్నాం. మురుగు కాలువలో రెండు కిలోమీటర్ల పైచిలుకు ముక్క తీసుకుని, దిగువ సగాన్ని పదిహేను రోజులకోసారి చేత్తో శుభ్రం చేయడం, ఎగువ సగాన్ని ఉన్నట్టే వదిలేయడం. పదిహేను రోజులు ఎందుకంటే మొక్క రెట్టింపయ్యే లెక్క అదే. అది పెరగకముందే తీస్తే ఒక్కో విడతకి పట్టే శ్రమ తగ్గుతూ వస్తుంది. పొక్లెయిన్ ఏడాదికోసారి వచ్చి పూర్తిగా పెరిగినదాన్ని తీస్తుంది, వీళ్లు పెరగనివ్వకుండా తీస్తారు. ఈ ఆలోచన నాది కాదు. “ఇంట్లో కసువు ఏడాదికోసారి ఊడుస్తామా సార్?” అన్నది లీడరు.

కూలికి డబ్బు కావాలి. ఫలితం రాకముందు రైతుల్ని అడిగితే ఇవ్వరు, అడగడం కూడా న్యాయం కాదు. ఊరి నుంచి వెళ్లి విదేశంలో స్థిరపడి, సెలవులకి ఊరొచ్చిన ఒక కుటుంబం తమ ఇక్కడి బ్యాంకు ఖాతా నుంచి ఏ షరతూ లేకుండా అరవై వేలు ఇచ్చింది. షెడ్డుకి వచ్చిన డబ్బు దీనికి చాలా రెట్లు. ఈ కేసులో దిశ మార్చింది మాత్రం ఈ అరవై వేలే. ఏం చేస్తారో ముందే చెప్పమని అడగని డబ్బు కాబట్టి మేం తెలుసుకోవడానికి వాడుకోగలిగాం.

డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. కోతకొచ్చిన చేలు పడిపోయాయి. దిగువ చేలల్లో నీళ్లు ఎగువకన్నా దాదాపు రెండు రోజులు ముందే దిగాయని రైతులు చెప్పారు. ఇది రుజువు కాదని అక్కడే చెప్పాను. ఒకే కాలువ, ఒకే వాన, పల్లం తేడా కూడా ఉంటుంది. వాళ్లకి నా గణాంకాల జాగ్రత్తతో పనిలేదు. మొలకెత్తిన ధాన్యానికీ మొలకెత్తని ధాన్యానికీ తేడా కళ్లతో చూశారు.

రామాలయం దగ్గర సమావేశం పెట్టాం. అసలు చిక్కు అక్కడ వచ్చింది: ఎవరివ్వాలి? భూమి ఒకరిది, సాగు ఒకరిది. ముంపుకి నష్టపోయేది కౌలుదారు, కాలువ బాగుంటే విలువ పెరిగేది భూమికి. యజమానుల్లో సగం మంది హైదరాబాదులోనో, ఇంకా దూరంగానో ఉన్నారు. నేను యజమాని ఇవ్వాలని వాదించాను, న్యాయం అదే అనిపించింది. కౌలుదారులే నన్ను ఆపారు. యజమానిని అడిగితే ఆ డబ్బు వచ్చే ఏడు మక్తాలో (కౌలు డబ్బులో) కలిపేస్తాడు, దానికన్నా మేమే ఎకరానికి ఇంతని వేసుకుంటాం, కాకపోతే దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఇస్తాం అన్నారు. దాళ్వా పంటకి తుపాను భయం తక్కువ, చేతిలో డబ్బు ఆడేది అప్పుడే. వాళ్లకి అనుకూలమైన ఆ గడువే ఒప్పందాన్ని నిలబెట్టింది. మొదటి ఏడు నూటికి డెబ్బై మందికి పైగా ఇచ్చారు. మిగతావాళ్ల పేర్లు ఎక్కడా అతికించకూడదని ఆడవాళ్లే పట్టుబట్టారు. “రేపు వాళ్ల చేలోనే నాట్లకి వెళ్లాలి కదండీ.”

చట్టరూపం సంగతి అప్పుడు చూశాం. ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిశాక ఎంపిక తేలికైంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, మావైపు మ్యాక్స్ అంటారు. సభ్యులదే పెట్టుబడి, సభ్యులదే నిర్ణయం, ప్రభుత్వ వాటా ఉండదు. వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పది మంది ఉండాలి. మా పద్నాలుగు మందిలో రెండు జతల అత్తాకోడళ్లు, అయినా పన్నెండు కుటుంబాలు తేలాయి. ఈ రూపంతో సీఎస్‌ఆర్ డబ్బు నేరుగా రాదని తెలిసే ఒప్పుకున్నాం. 2024 వేసవిలో రిజిస్టరైంది.

ఆ డిసెంబరులో రాష్ట్రమంతటా నీటి సంఘాలకి ఎన్నికలు జరిగాయి. 1997 చట్టం కింద ఏర్పడ్డ సంఘాలు ఇవి, కాలువల నిర్వహణలో రైతులకి భాగం ఇవ్వడం కోసం. కొత్తగా వచ్చిన కమిటీలో మా సమావేశానికి వచ్చిన ఇద్దరు రైతులున్నారు. 2025లో పంట కాలువ మీద ఒక చిన్న ముక్క తూడు పని మా సంఘానికి అప్పగించారు. బిల్లు రావడానికి నెలలు పట్టింది. అప్పటిదాకా డ్వాక్రా పొదుపు నుంచి అప్పు తీసి కూలి పంచుకున్నారు. వడ్డీ నష్టం వాళ్లదే. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు.

బుట్టలు మానలేదు. జనవరి నుంచి మే దాకా, ఎండ ఉన్నంతకాలం అల్లుతారు. కాడలు ఇప్పుడు కూలి ముట్టిన పనిలోంచి వస్తున్నాయి కాబట్టి బుట్ట మీద వచ్చింది నికరంగా అల్లికకే. వానాకాలం ఎండబెట్టడం పూర్తిగా ఆపేశాం. ఆ డ్రయ్యర్‌ని కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఎండు కొబ్బరికి అద్దెకిస్తున్నారు. మిగిలిన తూడు కంపోస్టు చేసి కొబ్బరి తోటలకి అమ్మాలని చూశాం. మోత ఖర్చు కూడా రాలేదు, ఎవరు అడిగితే వాళ్లని పట్టుకెళ్లమంటున్నారు.

నేర్చుకున్నవి

పైన దారిపొడవునా చెప్పేశాను. రెండు మాత్రం విడిగా రాస్తాను.

చట్టరూపం చివర్లో రావాలి. మన దగ్గర పథకాల తీరు వల్ల అది మొదట్లోనే వచ్చేస్తుంది, దరఖాస్తు మొదటి గడి అదే అడుగుతుంది కాబట్టి. ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా మూడు నెలలు గంటల లెక్క రాయిస్తాను, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్ మాట. కొందరు విసుక్కుని వెళ్లిపోతారు కూడా.

రెండోది విధానాలు రాసేవాళ్లకి. మన ఇన్నోవేషన్ మద్దతు అంతా వస్తువు చుట్టూ అల్లుకుని ఉంది: నమూనా, యంత్రం, షెడ్డు, ఆవిష్కర్త పేరు. మళ్లీ మళ్లీ చేయాల్సిన పనికి చోటు లేదు. పదిహేను రోజులకోసారి తూడు తీయడంలో కొత్తదనం ఏముందని అడిగితే చెప్పడం కష్టం. అయినా ఆ కాలువ మీద అంతకుముందు ఎవరూ అలా చేయలేదు. దానికి డబ్బు దొరికేది నీటిపారుదల నిర్వహణ పద్దులో, పంచాయతీ పద్దులో, రైతుల జేబులో. కొత్త నిధి పెట్టకపోయినా ఫరవాలేదు. ఉన్న నిర్వహణ పనుల్లో కొంత భాగం ఇలాంటి సంఘాలకి, విడతలవారీగా, నెలలోపు చెల్లింపుతో ఇస్తే చాలా ఊళ్లలో ఇది నిలబడుతుందని నా అంచనా. అంచనా మాత్రమే. నేను చూసింది ఒక ఊరు.

చేయలేకపోయినవీ ఉన్నాయి. జలగలు, దురద, పాముల భయం అలాగే ఉన్నాయి. గమ్‌బూట్లు కొన్నాం, బురదలో ఊడిపోతున్నాయని సగం మంది వేసుకోరు. ప్రమాద బీమా ఇంకా కుదరలేదు. ఇద్దరు రొయ్యల షెడ్డుకి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు.

కిందటి నెల ఒక ఆన్‌లైన్ దరఖాస్తు వచ్చింది, బహుమతి మొత్తం మంచిదే. నింపుదామని కూర్చున్నాం. “మీ ఆవిష్కరణ ఏమిటి, ఒక్క వాక్యంలో” అని ఉంది. లీడరు ఒక్క క్షణం కూడా ఆగకుండా, “పదిహేను రోజులకోసారి వెళతామండి, అని రాయండి,” అంది. అలాగే రాశాను. కింద ఇంకో గడి: ఉత్పత్తి ఫోటో తప్పనిసరి. అది నింపకపోతే దరఖాస్తు ముందుకి కదలదు. కాసేపు ఇద్దరం చూసుకున్నాం. ఆవిడ లేచి లోపలికెళ్లి ఒక బుట్ట తెచ్చింది.